ఆదివారం మూతపడే పేజీ

మా పంగాయ్ రేవులో ఆదివారం నాడు పడవ కదలదు. కొట్టు తెరవరు, చేప కొయ్యరు, తోటలో గునపం పట్టుకున్న మనిషి కనిపిస్తే పోలీసు వచ్చి మర్యాదగానే మందలించి వెళతాడు. టోంగా దీవుల్లో ఇది ఆచారమే కాదు, చట్టం కూడా. నాలాంటి సందేహజీవులకు సైతం ఇది ఎప్పుడో అలవాటైపోయింది. వారానికి ఒక రోజు ఊరంతా నిశ్శబ్దంగా ఉండడంలో దేవుడి ప్రమేయం ఎంతో నాకు తెలియదు గాని, చెవులకు మాత్రం హాయిగానే ఉంటుంది.

మత్స్యకారుల సంఘం వెబ్‌సైటు పెట్టుకున్నాక చిక్కు మొదలైంది. సైటుకు ఆదివారమంటే ఏమిటో తెలియదు. సముద్రం అవతలి నగరం ఆక్లండ్‌లోని కొట్లవాళ్లు ఆదివారం పొద్దున్నే చేపలకు ఆర్డర్లు పెట్టేవారు. అవి ఇక్కడ చర్చిలో కూర్చున్న జాలర్ల జేబుల్లో మోగేవి. సంఘం అధ్యక్షుడు పౌలియాసి మా చర్చిలో ప్రసంగాలు కూడా చేస్తాడు. ఒక ఆదివారం ఆయన దురాశను గురించి చెబుతుండగా ఆయన జేబే మోగింది. ఆ మర్నాడే సంఘం సమావేశమై, ఆర్డర్ల విభాగాన్ని ప్రతి ఆదివారం మెయింటెనెన్స్‌లో పెట్టి మూసేయాలని తీర్మానించింది.

సైటు తయారుచేసినదీ నడుపుతున్నదీ కలొలైనె. పౌలియాసి అక్క కూతురు. బడిలో నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్న అమ్మాయి. నేను రిటైరయ్యాక సంఘం ఆఫీసు పక్కింట్లోనే ఉంటూ, రోజూ గాలి దిక్కూ వేగమూ కొలిచి ఆమెకు ఇస్తుంటాను. కనుక ఆ సైటు భోగట్టా కొంత నాకూ తెలుసు. ఆమె శనివారం అర్ధరాత్రి ఆర్డర్ల విభాగం తనంతట తానే మూతపడేలా, ఆదివారం అర్ధరాత్రి తెరుచుకునేలా అమర్చింది. మూతపడ్డప్పుడు అక్కడ 'ఈ విభాగంలో పని జరుగుతోంది' అన్న పలక కనిపించేది. పౌలియాసి దాన్ని చూసి ఆఫీసుకు వచ్చాడు.

"ఏమ్మా, ఆదివారం పూట పని జరుగుతోందని నా సంఘం పేరు మీద బోర్డు కడతావా?"

"అది కంప్యూటర్లలో మామూలు మాట మావయ్యా. నిజంగా ఎవరూ పనిచెయ్యరు."

"చెయ్యనప్పుడు చేస్తున్నామనడం అబద్ధం. అదీ ఆదివారం నాడు!"

ఆమె నవ్వు ఆపుకుంటూ 'సోమవారం కలుద్దాం' అని మార్చింది.

తరువాత పడవల పేజీ వంతు వచ్చింది. సంఘం ప్రతి పడవకూ ఒక చిన్న పెట్టె ఇచ్చింది. ఆపద మీట లాంటివేమీ లేని చవక రకం. అది గంటకోసారి ఉపగ్రహం ద్వారా పడవ ఎక్కడుందో చెబుతుంది. సైటులోని పటం మీద ఒక చుక్క కనిపిస్తుంది. ఆర్డర్లు వస్తే వాటిని కూడా ఆ పెట్టె అందుకుంటుంది, ఏ చేప పట్టాలో సముద్రంలో ఉన్నవాళ్లకు తెలియడానికి. ఆదివారం భోజనాల దగ్గర మావాళ్లు ఆ పటం తెరిచి ఎవరి చుక్క ఇంకా కదులుతోందో చూడడం మొదలుపెట్టారు. చుక్క కదిలితే ఆ ఇంటి ఆడవాళ్లకు సోమవారం బజారులో తల ఎత్తుకోవడం కష్టమయ్యేది. ఇది బాగాలేదని పాస్టరుగారు అన్నారు. నిజమే, బాగాలేదు. పౌలియాసి ఒక శనివారం సాయంత్రం కలొలైనెకు ఫోన్ చేసి, ఆ పేజీని కూడా ఆదివారాలు మూసేయమన్నాడు. ఆమె అప్పుడు మర్నాటి వంటకు చేమాకుల్లో మాంసం చుడుతోంది. చేతులు తుడుచుకొని, తొందరలో, ఆర్డర్లకున్న స్విచ్‌కే పడవల పేజీని కూడా తగిలించేసింది. ఊరు సంతోషించింది.

నేను చెప్పదలచిన ఆదివారం అటుతర్వాత కొన్ని వారాలకు వచ్చింది.

పొద్దుటి ఆరాధన ముగిసి ఇంటికి వచ్చాం. నా భార్య మెలెనైతె పెరట్లో నేలలో తవ్విన ఉము పొయ్యి మీది మట్టి తొలగించి, వేడి పొట్లాలు పైకి తీస్తోంది. అంతలో కలొలైనె వచ్చింది. చర్చి బట్టలు మార్చుకోలేదు, గౌరవానికి గుర్తుగా చర్చికి నడుముకు కట్టుకునే చాప కూడా విప్పలేదు.

"మాస్టారూ, లిసియాటే పడవ నిన్న సాయంత్రానికే రావాలి. రాలేదు."

లిసియాటే ఆమె తమ్ముడు. ఎప్పట్లాగే ఒక కుర్రాణ్ణి తోడు తీసుకొని చేపలకు వెళ్లాడు. మాలో ఎదిగిన అక్కా తమ్ముళ్లు ఒకే గదిలో కూర్చోరు, పరాచికాలాడుకోరు. ఆ దూరమే వాళ్ల మధ్య గౌరవం. అతను సముద్రం మీదికి వెళ్లేటప్పుడు జాగ్రత్త అని చెప్పడానికి కూడా ఆమె తల్లి చేత కబురు పెడుతుంది. రోజూ సాయంత్రం ఆఫీసులో ఒంటరిగా కూర్చొని అతని చుక్కను చూసి, రేవు దగ్గరికి వచ్చిందని తేలాకే ఇంటికి బయలుదేరడం మాత్రం నేను గమనించేవాణ్ణి.

"ఆదివారం ముంచుకొచ్చిందని ఏదో దీవిలో దిగుంటాడులే," అంది మెలెనైతె. "ఈపాటికి ఎవరింట్లోనో మనకన్నా ముందే భోంచేస్తుంటాడు. కూర్చో, తిను."

మావాళ్ల పద్ధతి అదే. సముద్రంలో ఉండగా శనివారం పొద్దుపోతే దగ్గరలో ఉన్న దీవిలో దిగి, మర్నాడు అక్కడి చర్చికి వెళ్లి, ఎవరో ఒకరి ఇంట్లో తిని, సోమవారం బయలుదేరుతారు. అందుచేత శనివారం రాని పడవను గురించి ఇక్కడ ఎవరూ కలత చెందరు. ఎక్కడో చర్చిలో ఉన్నాడనుకుంటారు. నేనూ ఎన్నోసార్లు అలాగే అనుకున్నాను. ఇంతవరకు ఎవరూ పరీక్షించి చూడని ఊహ అది.

"ఏదో దీవి అంటే ఏది?" అన్నాను. "ఫోన్లు ఉన్నాయి కదా, అడుగుదాం."

హాఫెవా దీవిలో ఆమె పిన్ని ఎత్తింది. "రాలేదే అమ్మా. వాడొస్తే మా ఇంట్లో ఇంత కూడు మిగులుతుందా?" అని నవ్వింది. కొటూ దీవిలో పాస్టరు ఇంటివాళ్లు రాలేదన్నారు. నొముకా ఫోన్ చాలాసేపు మోగింది. భోంచేసి పడుకున్న మనిషి లేచి, విసుక్కుంటూ లేదన్నాడు. ఇక ఓవువా మిగిలింది. అక్కడి టవరు పాడై రోజులైంది, ఎవరి ఫోనూ పలకదు.

పెరట్లోకి వెళ్లి గాలిమర చూశాను. ఆగ్నేయపు గాలి రాత్రి నుంచీ గట్టిగానే ఉంది, ఇప్పుడు ఇంకా పెరిగింది. ఇంజను ఆగిపోయిన పడవ ఏదైనా ఆ నీళ్లలో ఉంటే, గాలి దాన్ని తొఫూవా దీవి వైపు నెడుతుంది. తొఫూవా చుట్టూ నిలువు కొండచరియలే, దిగడానికి రేవు లేదు. దాన్ని దాటితే ఇక ఏమీ లేదు, ఉత్త సముద్రం.

పౌలియాసి ఇంటి ముందు మామిడి నీడలో చాప వేసుకొని, సాయంత్రం ప్రసంగానికి బైబిల్‌లో గుర్తులు పెట్టుకుంటున్నాడు. మేము చెప్పింది పూర్తిగా విన్నాడు.

"ఓవువాలో ఉంటాడు," అన్నాడు.

"ఉండొచ్చు. ఉన్నాడని నీకెలా తెలుసు?"

"మిగతా ఎక్కడా లేడని నువ్వేగా చెప్పావు మాస్టారూ?"

"నేల మీద లేడని చెప్పాను. నీళ్ల సంగతి చెప్పలేదు."

ఆయన బైబిల్ మూశాడు. మేనల్లుడంటే ఆయనకు ప్రాణం. ఆ సంగతిలో నాకెప్పుడూ అనుమానం లేదు. "పడవలు పంపుదామంటే మాటలా? రెండే ఉన్నాయి వేగంగా వెళ్లేవి. వాటిలో ఉన్న పెట్రోలు ఒక వైపుకే సరిపోతుంది. బంకతను మహాసభలకని రాజధాని వెళ్లాడు, తాళం కూడా వాడి దగ్గరే. ఓవువా వైపు పంపాలా, తొఫూవా వైపు పంపాలా? తప్పు వైపు పంపితే చీకటి పడిపోతుంది." అంతలో గుర్తొచ్చి, "ఆ పెట్టె ఉందిగా! అది చెబుతుంది కదమ్మా?" అన్నాడు.

కలొలైనె తల వంచుకుంది. "చెబుతూనే ఉండి ఉంటుంది మావయ్యా. మనమే విననివ్వడం లేదు."

నాకూ అప్పుడే తెలిసింది. పేజీ మూయడమంటే కిటికీకి తెర వేయడం లాంటిదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆమె వేసినది తెర కాదు, తలుపుకు తాళం. మూసిన విభాగానికి బయటినుంచి ఏది వచ్చినా, మనిషైనా యంత్రమైనా, 'తర్వాత రా' అన్న జవాబుతో వెనక్కి పోవలసిందే. పడవలోని పెట్టె గంటకోసారి తన చోటు చెప్పడానికి నాలుగైదుసార్లు ప్రయత్నిస్తుంది. జవాబు అదే అయితే బ్యాటరీ ఆదా చేసుకోవడానికి ఆ కబురును పారేసి, మళ్లీ గంట దాకా నిద్రపోతుంది. శనివారం అర్ధరాత్రి నుంచి లిసియాటే పెట్టె పలికినదంతా ఆ తలుపు దగ్గరే పోయింది.

"మూతపడకముందు చివరగా ఏం చెప్పింది?" అన్నాను.

"హాఫెవాకు పడమరగా ఉన్నామని చెప్పింది. అక్కడే దిగుతాడులే అనుకొని నేను ఇంటికి వెళ్లిపోయాను. బ్యాటరీ అప్పటికే పావు వంతు."

"అయితే తెరువు."

"తెరవాలంటే మావయ్య ఫోన్‌కి వచ్చే కోడ్ కావాలి."

పౌలియాసి ఆదివారాలు ఫోన్ ఆపేసి లోపల దాచేస్తాడు. ఆయన గడ్డం నిమురుకున్నాడు. "తెరిస్తే ఆర్డర్లు కూడా తెరుచుకుంటాయి కదూ?"

"అవును. రెంటికీ ఒకటే స్విచ్."

"కాసేపట్లో సాయంత్రం ఆరాధన. అందరి జేబులూ ఒక్కసారిగా మోగుతాయి. అధ్యక్షుడే ఆదివారం నాడు బేరం తెరిచాడంటారు. సంఘం పరువు ఏం కాను? తీరా వాడు ఓవువాలో గుర్రుపెట్టి నిద్రపోతుంటే నేను ఎవరికి జవాబు చెప్పాలి?"

"జేబులు మోగితే మోగనీ!" అని నేను అరిచాను. నేను ఆయన మీద అరవడం అదే మొదటిసారి. "నిద్రపోతుంటే నన్ను తిట్టమను. నిద్రపోకపోతే ఎవర్ని తిడతారు?"

ఆయన ముఖం ఎర్రబడింది. మా ఇద్దరి వాదన ఎంతసేపు సాగేదో చెప్పలేను. కలొలైనె వాదించలేదు. నడుము చాప సరిచేసుకొని, మేనమామకు ఎదురుగా నిలబడింది.

"మావయ్యా, నీ ఫోన్ నాకు కావాలి."

చెప్పిన తీరు మామూలుగానే ఉంది. కాని ఆ మాట మామూలుది కాదు. మాలో అక్క సంతానానికి మేనమామ ఇంటి మీద ఒక హక్కు ఉంది. పెళ్లిళ్లలో, చావు కర్మల్లో మేనకోడలు వచ్చి అందరికంటే పెద్ద పందినో, శ్రేష్ఠమైన చాపనో చూపించి 'ఇది నాకు కావాలి' అంటే మేనమామ ఇవ్వాలి. ఎందుకని అడగకూడదు. నవ్వుతూ ఇవ్వాలి. ఆ హక్కును కలొలైనె అంతవరకు ఒక్కసారైనా వాడుకోలేదు. పండగల్లో కూడా ఒక మూల కూర్చునేది.

పౌలియాసి ఆమె వైపు చూసి, నెమ్మదిగా నవ్వాడు.

"సంఘం ఉద్యోగిగా అడిగి ఉంటే ఇంకా ఆలోచిస్తూనే ఉండేవాణ్ణి," అన్నాడు. "ట్రంకుపెట్టెలో ఉంది, తెల్లచొక్కాల కింద. పో, తెచ్చుకో."

ముగ్గురం సంఘం ఆఫీసుకు పరుగులాంటి నడకతో వెళ్లాం. చర్చి మొదటి గంట మోగుతోంది. పౌలియాసి అటు తిరగలేదు. ఫోన్ ప్రాణం పోసుకుంది, కోడ్ వచ్చింది, కలొలైనె లోపలికి ప్రవేశించింది. తెర మీద ఆ ఒక్క స్విచ్ కనిపించింది. ఆమె వేలు దాని దాకా వెళ్లి ఆగిపోయింది.

"నొక్కమ్మా!" అన్నాను.

"నొక్కకూడదు మాస్టారూ."

"మళ్లీ ఏమొచ్చింది?"

"ఆక్లండ్ కొట్ల కంప్యూటర్లు పడవ పెట్టెల్లా కాదు, అలిసిపోవు. పొద్దుటినుంచీ ఆర్డర్లు పట్టుకొని తలుపు దగ్గరే కాచుకునున్నాయి. తెరిచిన క్షణం అన్నీ లోపలికి పడతాయి. పడ్డవన్నీ మన సైటు పడవలకు పంపేస్తుంది. లిసియాటే పెట్టెలో ఉన్న కాస్త బ్యాటరీ, ఎవరికి ఏ చేప కావాలో వినడానికే సరిపోతుంది. తన చోటు చెప్పడానికి ఇక మిగలదు."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. నా మాట విని ఉంటే ఆ పని అప్పటికే జరిగిపోయేది.

"అంటే ఆర్డర్లు మూసే ఉండాలి," అన్నాడు పౌలియాసి.

"మూసే ఉండాలి మావయ్యా."

"నేను అన్నదీ అదేగా?"

"నువ్వన్న కారణం వేరు," అన్నాను.

"ఆ స్విచ్‌కి నా కారణమేదో నీ కారణమేదో తెలుసా ఏమిటి మాస్టారూ? పిల్లని పని చేసుకోనీ."

ఆమె అప్పటికే ఆ ఒక్క స్విచ్‌ను విడగొట్టడం మొదలుపెట్టింది. ఆర్డర్లకు ఒక తాళం, అది అలాగే ఉంటుంది. జనం చూసే పటానికి ఒక తాళం, అదీ ఉంటుంది. ఆ పటం వెనుక పడవలు తమ చోటు చెప్పుకునే సన్నని దారి ఒకటి ఉంది, దాన్ని మాత్రం తెరవాలి. చెప్పడానికి సులువుగానే ఉంది. కాని పెట్టెలు నిద్ర లేచే గంట దగ్గరపడుతోంది. ఈ గంట తప్పితే మరో గంట ఆగాలి. ఆ తరువాత పడవలు బయలుదేరినా, వెలుగుండగా తొఫూవా చేరవు.

పని అయిందంది. సరిగా అయిందో లేదో చూడకుండా నమ్మవద్దని నేనన్నాను. బల్ల సొరుగులో ఒక అదనపు పెట్టె ఉంది. దాన్ని వాకిట్లో ఆకాశం కిందికి తీసుకెళ్లి, చోటు చెప్పమని పరీక్ష మీట నొక్కింది. ముగ్గురం తెర వైపు చూశాం.

తర్వాత రా.

"ఎందుకు?" అన్నాడు పౌలియాసి. "తెరిచావుగా?"

ఆమె రాసినదాన్ని మొదటినుంచి చదువుకుంటూ వచ్చింది. బయట గాలి రేకుల కప్పును తడుతోంది. పౌలియాసి కిటికీ దగ్గర నిలబడి పెదవులు కదుపుతున్నాడు. నాకు ప్రార్థన చేతకాదు. గాలి వేగాన్ని కాగితం మీద వేసి, రాత్రి నుంచీ ఆ గాలికి పడవ ఎంత దూరం కొట్టుకుపోగలదో లెక్క కడుతూ కూర్చున్నాను. ఆ సమయంలో మా ఇద్దరి పనీ ఒకటేనేమో, చేతులు ఊరికే ఉంచుకోలేకపోవడం.

"పటానికి వేసిన పెద్ద తాళం ముందుంది," అంది చటుక్కున. "చిన్న దారి దాని వెనక పడింది. ముందు పెద్ద తాళమే ఎదురై అన్నిటినీ తిప్పి పంపేస్తోంది. వరస మార్చాలి." రెండు వరుసలు పైకి జరిపింది. మళ్లీ వాకిట్లోకి పరుగెత్తింది.

తెర మీద, మా ఆఫీసు ఉన్నచోట, ఒక చుక్క మొలిచింది.

ఆ వెంటనే గంట అయింది. లంగరు వేసి ఉన్న పడవల చుక్కలు ఒకటొకటిగా వచ్చాయి. లిసియాటేది రాలేదు. చర్చిలో పాట మొదలైంది. అన్ని గొంతులు కలిసి పాడే పాట ఆ వేళ నాకు భరించరానిదిగా తోచింది. కలొలైనె బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుంది. పెట్టె నాలుగైదుసార్లు ప్రయత్నిస్తుందని చెప్పింది తనే. ఎన్నోది అయిందో లెక్కపెడుతున్నట్టుంది.

అప్పుడు వచ్చింది. కొటూకు బాగా పడమరగా, తొఫూవాకు దగ్గర్లో ఒకే ఒక చుక్క. దాని పక్కన బ్యాటరీ గుర్తులో రంగు దాదాపు లేదు.

"ఓవువా కాదు," అన్నాడు పౌలియాసి. తలుపు తోసుకొని చర్చి వైపు పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ శరీరంతో ఆయన పరుగెత్తగలడని నేను ఊహించలేదు. పాట మధ్యలో తెగిపోయింది. మగవాళ్లు చర్చి చొక్కాలతో, నడుముకు చాపలతో అలాగే నీళ్లలోకి దిగి రెండు పడవలనూ తోశారు. వాళ్లు చేరేసరికి చుక్క అక్కడే ఉండదు. గాలి లెక్కను బట్టి ఎంత వాయవ్యంగా వెళ్లాలో రాసిన కాగితం పౌలియాసి చేతిలో పెట్టాను.

"ఇది ఖచ్చితమేనా?" అన్నాడు.

"కాదు. నా దగ్గరున్నదానిలో మేలైనది."

ఆయన తల ఊపి పడవ ఎక్కాడు.

తరువాతి గంటకు లిసియాటే చుక్క రాలేదు. బ్యాటరీ అయిపోయిందనుకున్నాం. మరో కారణం కూడా ఉండవచ్చునని ఇద్దరికీ తెలుసు, ఎవరమూ అనలేదు. మెలెనైతె అన్నం తెచ్చి పెట్టింది, ఎవరూ ముట్టలేదు. ఎండ పసుపుగా మారుతుండగా, ఆ రెండు వేగపు పడవలతో మాత్రమే మాట్లాడగల మా వైర్‌లెస్ గరగరమంది.

"కనిపించింది," పౌలియాసి గొంతు. "పడవ కనిపించింది."

కలొలైనె మైకు అందుకుంది. "ఇద్దరూనా?"

గరగర. ఆ గరగర ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను.

"ఇద్దరూ. నీళ్లు తాగుతున్నారు. మాస్టారుకి చెప్పు, ఆయన చెప్పినదానికన్నా కాస్త ఉత్తరంగా ఉంది. కొండ కింద అలల హోరు వినబడే దూరంలో."

ఆమె మైకును బల్ల మీద పెట్టి, ముఖాన్ని నడుము చాప అంచులో దాచుకుంది.

లిసియాటే మర్నాడు మా ఇంటికి వచ్చాడు. శనివారం సాయంత్రం తిరుగు దారిలో ఇంజను ఆగిపోయిందట. "భయపడలేదా?" అని అడిగాను. "ఆదివారం కదా మాస్టారూ, సోమవారం దాకా ఎవరూ వెతకరని తెలుసు. అందుకే నీళ్లు సోమవారం దాకా వచ్చేలా గుక్కెడు గుక్కెడు తాగాం. కొండ ఇంత తొందరగా దగ్గరపడుతుందనుకోలేదు," అన్నాడు. అతను మమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఊరి పద్ధతి చెబుతున్నాడు. అందువల్లనే నాకు ఆ మాట ఎక్కువగా గుచ్చుకుంది.

తరువాతి శనివారం సాయంత్రం పౌలియాసి ఆఫీసుకు వచ్చాడు. పడవల పటాన్ని ఆదివారాలు అందరికీ తెరిచే ఉంచాలని కొందరు అంటున్నారట.

"వద్దు," అన్నాడు. "బజారు కబుర్ల కోసం తెరవక్కర్లేదు. ఆర్డర్లు మూసెయ్. పటం మూసెయ్. పడవలు మాట్లాడే దారి మాత్రం ఎప్పటికీ మూయొద్దు. ఆ చుక్కల్ని ఒక్క మనిషి చూస్తే చాలు."

"ఎవరు మావయ్యా?"

"నేనే. ప్రతి ఆరాధనకి ముందూ తర్వాతా వచ్చి చూస్తాను."

"మరచిపోతే?" అన్నాను.

"ప్రసంగంలో పడి మరచిపోతే నువ్వు లేచి వచ్చి చూడు. ఎలాగూ వెనక బెంచీలో నిద్రేగా పోతావు."

కలొలైనె ఈసారి పైకే నవ్వింది. తరువాత ఆ అదనపు పెట్టెను వాకిట్లోకి తీసుకెళ్లి, రెండు తాళాలూ ఆ సన్నని దారీ ఎలా ఉండాలో అలా పెట్టి, మీట నొక్కింది. చుక్క పడేదాకా మేం ముగ్గురం అక్కణ్ణుంచి కదలలేదు.